లైట్‌హౌసు దాకా ఫోకస్

మా మేనకోడలు బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. ఆన్‌లైన్‌లో ఎవరి దగ్గరో పాత యాషికా ఎలక్ట్రో 35 కొన్నదట. ఈ మధ్య ఆ వయసు పిల్లలకి రీలు కెమెరాల మీద మోజు పుట్టింది కదా. కెమెరా శుభ్రంగానే ఉంది, అద్దం మీద గీత కూడా లేదు, ఫోకస్ రింగు మాత్రం కదలనంటోంది. "తిప్పితే వేళ్ళు నొప్పెడుతున్నాయి మావయ్యా. వైజాగ్‌లో నువ్వు ఎవరికో ఇచ్చేవాడివి కదా, ఆయన చేస్తారా?" అని అడిగింది.

ఆయన పోయి చాలా కాలమైంది. పోనీ ఇంకెవరున్నారా అని జగదాంబ జంక్షన్ నుంచి డాబాగార్డెన్స్ దాకా మనసులోనే నడిచి చూశాను. స్టూడియో ఉన్న చోట మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. రీళ్ళు కడిగే ల్యాబు టిఫిన్ సెంటరయింది. వాచీలు బాగుచేసేవాళ్ళు అక్కడక్కడా మిగిలారు, కుట్టుమిషన్ల వాళ్ళూ ఉన్నారు. కెమెరా చేతిలోకి తీసుకుని, రింగు ఒకసారి అటూ ఇటూ తిప్పి, "ఇది గ్రీజు", "ఇది ఇసక" అని చెప్పగల మనిషి మాత్రం నాకు తెలిసినంతలో ఒక్కరూ లేరు. వీళ్ళంతా ఎప్పుడు వెళ్ళిపోయారో గమనించనే లేదు. సినిమాహాలు మూతపడితే పేపర్లో వస్తుంది. పాత హోటలు తీసేస్తే నలుగురూ చెప్పుకుంటారు. మేడ మీద గదిలో ఒకాయన స్క్రూడ్రైవర్లు సర్దేసుకుంటే ఎవరికి తెలుస్తుంది?

*

అసలు ఆ కెమెరాలు మన ఊళ్ళకి చేరడమే ఒక కథ. విదేశీ కెమెరా కొత్తది కొనాలంటే దిగుమతి లైసెన్సులు, కస్టమ్స్ సుంకాలు అడ్డం వచ్చే రోజులవి. మన దేశంలో తయారయ్యే ఆగ్ఫా క్లిక్ త్రీ లాంటి వాటిలో ఫోకస్ అనే బాధే లేదు. మనిషిని ఎదురుగా నిలబెట్టడం, నొక్కడం, అంతే. కాస్త దూరం వెళ్ళాలని ఆశపడ్డవాళ్ళకి సెకండ్‌హ్యాండే గతి. ఆ విషయంలో విశాఖపట్నం అదృష్టం చేసుకున్న ఊరు. ఓడరేవు ఉంది, నేవీ ఉంది. గల్ఫు నుంచి వచ్చినవాళ్ళ సూట్‌కేసుల్లో యాషికాలు దిగేవి. ఉక్కు ఫ్యాక్టరీకి 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరాక రష్యా ఇంజనీర్లు కుటుంబాలతో వచ్చి ఊళ్ళో కాపురాలు పెట్టారు. ఇప్పుడు బీచి రోడ్డులో మ్యూజియంగా నిలబెట్టిన కురుసుర జలాంతర్గామి కూడా సోవియట్ యూనియన్‌లో కట్టినదే. రష్యా వాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు ఇస్త్రీపెట్టెలూ, బైనాక్యులర్లూ, కెమెరాలూ అమ్ముకుపోతారని ఊళ్ళో చెప్పుకునేవారు. అందులో నిజమెంతో గానీ, పూర్ణా మార్కెట్ వైపు ఏ పాతసామాన్ల కొట్లో రష్యా అక్షరాల వస్తువు కనిపించినా దానికి అలాంటి వంశచరిత్ర ఒకటి తగిలించి చెప్పేవారు.

నాకు దొరికింది జోర్కీ-4. మాస్కో పక్కన క్రాస్నోగోర్స్క్‌లో తయారైంది. దాని ముత్తాత జర్మనీ లైకా. ఫోకస్ చేసే రేంజిఫైండర్‌ని లెన్సుతో కలిపి లైకా కెమెరా లోపలే పెట్టింది 1932లో. రెండేళ్ళు తిరక్కుండా ఖార్కోవ్‌లో అనాథపిల్లల కమ్యూన్‌లో దాన్ని చూసి ఫెడ్ అని తయారుచేశారు. ఆ ఫెడ్ కొమ్మే జోర్కీ. దాని ముందున్న జూపిటర్-8 లెన్సూ అంతే, యుద్ధానికి ముందు జైస్ వాళ్ళు చేసిన సోనార్‌కి వారసుడు. పుట్టుక జర్మనీ, పెంపకం రష్యా, ముసలితనం విశాఖపట్నం.

దాంతో ఫొటో తీయడం ఎలాగంటే, చిన్న కిటికీలోంచి చూస్తాం. మధ్యలో ఒక చిన్న మచ్చ కనిపిస్తుంది. ఆ మచ్చలో లోకం రెండుగా ఉంటుంది. కెమెరా ముందువైపు కాస్త ఎడంగా ఉన్న రెండు కిటికీల్లోంచి వచ్చిన రెండు బొమ్మలవి. అమ్మ ముక్కుపుడకలు రెండు మెరుస్తాయి. రింగు తిప్పుతూ పోతే రెండో ముక్కుపుడక మెల్లగా జరిగి మొదటిదాని మీదికి ఎక్కుతుంది. రెండూ ఒక్కటైనప్పుడు ఆపి నొక్కాలి. ఈలోగా అమ్మ "తీస్తావా, పప్పు మాడ్చమంటావా" అంటుంది. ఆ మాట అంటున్నప్పటి మొహమే ఫొటోలో వస్తుంది. మా ఇంట్లో ఆ కాలపు ఫొటోలన్నిట్లోనూ అందరూ ఏదో ఒకటి అడగబోతున్నట్టే ఉంటారు.

*

నా దగ్గరికి వచ్చేనాటికే జోర్కీ రింగు బరువు. చలికాలం పొద్దుట మరీ బరువు, ఎండలో కాసేపు తిరిగితే కాస్త వదిలేది. దగ్గర నుంచి దూరానికి తిప్పితే ఎలాగోలా వచ్చేది. వెనక్కి తిప్పితే తమాషా జరిగేది. ఆ లెన్సు కెమెరాకి మర బిగించినట్టు బిగుస్తుంది, ముప్ఫైతొమ్మిది మిల్లీమీటర్ల మర. రింగు కదలనని మొండికేసేసరికి నా చేతి బలం ఆ మరకి తగిలి, లెన్సు మొత్తం కెమెరా నుంచి ఊడిరావడం మొదలుపెట్టేది. ఫోకస్ చేస్తున్నానని నేననుకుంటుంటే అది చేతిలోకి దిగిపోతూ ఉండేది.

ఇది కంపెనీ తప్పేం కాదు. ఎప్పటికీ పచ్చిగా ఉండే గ్రీజు ఎవరూ చేయలేదు. గ్రీజంటే నూనె, దాన్ని పట్టి ఉంచే సబ్బులాంటి పదార్థం. కాలం గడిచేకొద్దీ నూనె ఆరిపోతుంది, కొంత ఎటో పాకిపోతుంది, సబ్బు మిగులుతుంది. వాడకుండా పెట్టెలో పడుకున్న కెమెరాకి ఈ జబ్బు ఇంకా త్వరగా వస్తుంది. మన సముద్రపు గాలి దానికి తోడైతే చెప్పక్కర్లేదు.

అంత గొడవ దేనికోసం అంటే, యాభై మిల్లీమీటర్ల లెన్సు అనంత దూరం నుంచి మీటరు దూరానికి ఫోకస్ మారాలంటే ముందుకి జరిగేది రెండున్నర మిల్లీమీటర్ల పైచిలుకు, అంతే. ఆ కాస్త కదలికని వేలికి అందేలా సగం చుట్టుకి సాగదీసి ఇచ్చేదే లెన్సులోని మరల గొట్టం. మీటరు దూరంలో మనిషిని పెట్టి లెన్సు పూర్తిగా తెరిచి తీస్తే స్పష్టంగా వచ్చే మేర అయిదు సెంటీమీటర్లు కూడా ఉండదు. కళ్ళు కుదిరితే చెవులు మసక. రింగు పట్టీపట్టి, ఒక్కసారి జారి, దాటిపోయిందంటే ముక్కుపుడక బదులు జడలో పూలు ఫోకస్ అవుతాయి. రీలులో ముప్ఫైఆరు ఫొటోలే. ఊటీ హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్ళ ఇందు రీలో, తూర్పు జర్మనీ ఆర్వో రీలో కొట్లో ఏది ఉంటే అది. కడిగించి ప్రింట్లు వేయించేదాకా ఏది పోయిందో తెలియదు.

*

జగదాంబ దగ్గర ఒక సందులోకి తిరిగి, బట్టలకొట్టు పక్కన మెట్లెక్కితే ఆయన గది. బోర్డు ఉండేది గానీ ఎండకి పెయింటు పోయి సగమే కనిపించేది. అందరూ మాస్టారు అనేవారు. ఏం పాఠాలు చెప్పారో తెలియదు. చేతులు మాత్రం పెట్రోలుతో పొడిబారి, వేళ్ళ కొసలు సన్నగా పగిలి ఉండేవి.

గదిలోకి అడుగుపెట్టగానే పెట్రోలు వాసన, దాని వెనకాల పాత తోలు వాసన. బల్ల మీద తెల్ల గుడ్డ. కింద పడ్డ మర కనిపించాలంటే తెలుపే ఉండాలి. గడియారాల వాళ్ళ స్క్రూడ్రైవర్లు వరసగా, పక్కన రెండు పట్టకార్లు. లెన్సు ముందు ఉండే గుండ్రటి పట్టీలు విప్పడానికి ఆయన సొంత పరికరం ఒకటుండేది. పిల్లల జామెట్రీ పెట్టెలోని డివైడరు, రెండు కొసలూ రాయి మీద నూరి చదును చేసినది. గాట్లు లేని పట్టీలకి సీసాల రబ్బరు బిరడాలు వాడేవారు. బిరడా నొక్కిపెట్టి తిప్పితే ఎంత పట్టేసిన పట్టీ అయినా కిర్రుమని కదిలేది. గీత పడేది కాదు. మరలు వేసుకోవడానికి ఖాళీ రీలు డబ్బాల మూతలు, విప్పిన వరసలోనే ఎడమ నుంచి కుడికి. ఆ మూతల జోలికి ఎవరైనా చెయ్యి పెడితే ఆయన మాట్లాడడం మానేసేవారు. తిట్టడం కన్నా అదే ఎక్కువ.

వచ్చేవాళ్ళు రకరకాలు. పెళ్ళి ఫొటోగ్రాఫర్లు మూఢాల్లో వచ్చేవారు, పని లేని రోజుల్లోనే కెమెరా వదిలి ఉండగలరు కాబట్టి. బీచిలో ఫొటోలు తీసేవాళ్ళు సీజనుతో పని లేకుండా వచ్చేవారు. యూనివర్సిటీ పిల్లలూ, షిప్‌యార్డ్ ఉద్యోగులూ, ఒకరిద్దరు డాక్టర్లూ. డాక్టర్ల కెమెరాలు ఎప్పుడూ మంచివి, ఎప్పుడూ వాడనివి. వాటికే ఎక్కువ బిగువు.

రోగం చెప్పడంలో ఆయన పద్ధతి ఆయనది. ముందు లెన్సు ఊడదీసి విడిగా తిప్పేవారు. విడిగా సులువుగా తిరిగి, కెమెరాకి బిగించాకే పట్టేస్తుంటే లెన్సు నిర్దోషి. కెమెరా లోపల రేంజిఫైండర్‌ని కదిపే చిన్న మీట ఒకటి లెన్సు వెనక అంచుని తాకుతూ ఉంటుంది. దాని ఇరుసులో మురికో తుప్పో చేరి ఉంటుంది. విడిగా తిప్పినా బిగువే అయితే, అప్పుడు కళ్ళు మూసుకుని తిప్పేవారు. నిజంగానే మూసుకునేవారు. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకే తీరుగా బరువుగా సాగుతూ వస్తే గ్రీజు. కరకరలాడితే ఇసక. ఒక్కచోట పట్టి, దాటగానే వదిలేస్తే ఎక్కడో దెబ్బ తగిలి గొట్టం గుండ్రం తప్పింది. చివరిదాకా పోకుండానే టక్కున ఆగితే ఎవరో ముందే విప్పారు, పొట్టి మర ఉండాల్సిన చోట పొడుగు మర బిగించారు. ఈ చివరి రకానికి ఆయన డబ్బులు ఎక్కువ తీసుకునేవారు. జబ్బుకి ఒక రేటు, ముందు చేసిన వైద్యానికి ఇంకో రేటు.

ఒకసారి ఒకాయన కొత్త పెళ్ళాంతో డిసెంబరులో అరకు వెళ్ళి వచ్చి, మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. ఊళ్ళో బాగానే తిరిగిన రింగు అరకులో రాయయిపోయిందట. వెళ్ళేముందు బిగువుగా ఉందని ఇంట్లో ఉన్న నూనె కాస్త అంచుల్లో పోశాడు. మాస్టారు లెన్సు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"ఏటి బాబూ, కెమెరాకి తలంటు పోసీసినారా?"

కొబ్బరినూనె. ఇరవైనాలుగు డిగ్రీల కిందికి వెళ్తే సీసాలోనే గడ్డకట్టేది, అరకు చలిలో ఊరుకుంటుందా. ఆయన నవ్వలేదు. అప్పటికే ఆ నూనె లోపలికి పాకి, వెలుతురు తగ్గించే రేకుల మీద జిడ్డు మెరుపు కనిపిస్తోంది. కుట్టుమిషన్ నూనె పోసేవాళ్ళు ఇంకా ఎక్కువ. పోసిన రోజు రింగు హాయిగా తిరుగుతుంది, అదే మోసం. పల్చటి నూనె ఎండిన గ్రీజుని కరిగించుకుని దారి దొరికిన వైపల్లా పోతుంది.

మా మేనకోడలికి ఫోన్లో నేను చెప్పగలిగిందంతా ఈ గదిలో విన్నదే. యాషికా ఎలక్ట్రోకి లెన్సు ఊడదు కాబట్టి సగం పరీక్షలు కుదరవు. ఫిల్టరు బిగించే ముందు అంచు చూడమన్నాను. కెమెరా మూతి మీద పడి ఉంటే ఆ అంచు వంగి రింగుని ఒరుసుకుంటుంది. వంపేం లేదంది. కరకర? లేదు. మొత్తం ఒకే బరువా? అవును. అయితే గ్రీజే. ఎవరో స్ప్రే నూనె కొట్టమన్నారట, పొరపాటున కూడా వద్దన్నాను. ఆ కెమెరాకి షట్టరు రేకులు లెన్సు లోపలే ఉంటాయి. వాటి మీద నూనె పొర చేరిందంటే ఒకదానికొకటి అతుక్కుంటాయి, రింగు బాగవుతుంది, కెమెరా పోతుంది. 1966లో వచ్చిన మోడల్ అది, దానికి కావలసిన పాదరసం బ్యాటరీ కూడా ఇప్పుడు తయారుకావడం లేదు, దానికి బదులు వేరే ఏర్పాటు చూసుకోవాలి. అక్కడే ఎవరో పెద్దాయన ఇంకా పని చేస్తున్నారని కనుక్కుని ఇచ్చి వచ్చింది. వరసలో చాలా కెమెరాలున్నాయి, ఆగమన్నారట. ఆగుతోంది. రిపేరు ఖర్చు కెమెరా కొన్నదానికి దగ్గర దగ్గరగా ఉంది.

*

నా జోర్కీ లెన్సు విప్పుతుంటే ఆయన పక్కన కూర్చోనిచ్చారు. మాట్లాడకూడదనే షరతు మీద.

రింగు చుట్టూ చీమ తలకాయంత మరలు మూడు. వాటిని పూర్తిగా తీయరు, కొంచెం వదులు చేస్తారంతే. రింగు జారి వస్తుంది. కింద ఇత్తడి గొట్టం, దానిలో అల్యూమినియం గొట్టం, ఒకదానిలో ఒకటి తిరిగే మరలు. ఒకే లోహమైతే ఒకదాన్నొకటి కొరుక్కుని పట్టేస్తాయని రెండు రకాలు పెడతారు. ఆయన సూదితో రెండు గొట్టాల మీదా కలిపి ఒక సన్నటి గీత గీశారు, అనంత దూరం దగ్గర అవి ఎలా ఉన్నాయో గుర్తుకోసం. ఆ తర్వాత మెల్లగా విప్పడం. అక్కడ ఊపిరి బిగపట్టినట్టు ఉండేవారు. గొట్టాలు విడిపోయే చోట చిన్నగా టక్ మంటుంది. అది వినగానే చెయ్యి ఆపి, సరిగ్గా అక్కడ రెండో గీత.

ఆ రెండో గీతే ప్రాణం. మామూలు సీసా మూతకి మర మొదలయ్యే చోటు ఒకటో రెండో. ఈ గొట్టాల్లో ఒకటి పక్కన ఒకటి చాలా చుట్లు నడుస్తాయి, ఎక్కడ పెట్టి తిప్పినా ఎక్కుతుంది. తప్పు చుట్టులో ఎక్కిస్తే రింగు వెన్నలా తిరుగుతుంది గానీ దూరం కొలతలన్నీ అబద్ధమవుతాయి. వేరేచోట విప్పించుకుని, గొట్టాలు విడివిడిగా రుమాల్లో కట్టుకుని వచ్చేవాళ్ళు కొందరు. గీతల్లేని ఆ గొట్టాలకి ఒక్కొక్క చోటా ఎక్కించి చూడడమే. దానికే ఒక పూట పట్టేది.

పాత గ్రీజు బయటికి వచ్చింది. గోధుమరంగు మైనం. ఇత్తడి వైపు ఆకుపచ్చగా మారింది. బ్రిల్ ఇంకు సీసాలో పెట్రోలు, అందులో ముంచిన పాత పళ్ళ బ్రష్షు. బ్రష్షు అందని లోతుకి వెదురుపుల్ల చివర గుడ్డ చుట్టి, ఒక్కొక్క గాడినీ చుట్టూ తిరిగి తుడిచేవారు. గుడ్డ తెల్లగా వచ్చేదాకా. అంతా ఆరాక ఉత్త గొట్టాలు ఎక్కించి ఒకసారి తిప్పారు. నూనె లేని లోహాల చప్పుడు సన్నగా, గరగరగా, పళ్ళు జిల్లుమనేలా ఉంటుంది. అందులో ఇసక చప్పుడు కలిసి ఉందా లేదా అని వింటారు. ఉంటే మళ్ళీ పెట్రోలు.

కొత్త గ్రీజు అగ్గిపుల్ల కొసకి అంటినంత. అంతే. తక్కువైతే రింగు మరీ వదులై, కెమెరా మెళ్ళో వేలాడుతుంటే ఫోకస్ దానంతటది జారిపోతుంది. ఎక్కువైతే పొంగి రేకుల మీదికి పోతుంది. "ఏలెడితే కదలాల, తీసీస్తే ఆగాల" అన్నారు, ఆ గంటలో ఆయన పలికిన ఒకే మాట.

అప్పుడిక లైట్‌హౌసు. ఆ గది కిటికీలోంచి ఇళ్ళ కప్పుల మీదుగా డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపించేది, కొండమీద లైట్‌హౌసు. జోర్కీకి వెనకభాగం, అడుగు కలిపి మొత్తంగా ఊడొస్తాయి. రీలు కూర్చునే పట్టాల మీద ట్రేసింగ్ పేపరు ముక్క బిగించి, షట్టరు తెరిచి ఉంచి, లెన్సు పూర్తిగా తెరిచి, కెమెరాని కిటికీ వైపు పెట్టేవారు. కాగితం మీద కొండ తలకిందులుగా, లైట్‌హౌసు కిందికి వేలాడుతూ. కంటికి గడియారాల వాళ్ళ భూతద్దం తగిలించుకుని, రింగుని అనంతం గుర్తు దగ్గర పెట్టి, ఆ చిన్న తెల్లగీత పదునుగా ఉందా లేదా అని చూసేవారు. లెన్సు అంచు నుంచి రీలుకి ఇరవై ఎనిమిది పాయింటు ఎనిమిది మిల్లీమీటర్లు ఉండాలి. అందులో వెంట్రుకంత తేడా వచ్చినా ఇక్కడ పట్టుబడుతుంది. కాగితం మీద కుదిరాక పైన కిటికీలోంచి చూసి, మచ్చలో లైట్‌హౌసు ఒకటిగా ఉందా రెండుగా ఉందా అని చూసేవారు. రెండుగా ఉంటే ముందువైపున్న మూతమర తీసి, లోపలి మరని ఒక పిసరు తిప్పాలి. రెండూ ఒప్పుకున్నప్పుడు పని అయినట్టు.

వేసవి మధ్యాహ్నాలు ఈ పని పెట్టుకునేవారు కాదు. కప్పుల మీద వేడిగాలి లేచి లైట్‌హౌసు వణుకుతుంది. తెల్లారి రమ్మనేవారు. వాన వెలిసిన సాయంత్రం అయితే మంచి రోజు, వరసగా అయిదారు కెమెరాలు కిటికీలో నిలబడేవి. వాయిదా అడిగితే "లైట్‌హౌసు ఇంకా చూడలేదు బాబూ" అనేవారు. ఆ మాట ఊళ్ళో ఫొటోగ్రాఫర్లందరికీ తెలుసు. పెళ్ళివారికి కూడా అదే చెప్పి తప్పించుకునేవారు.

*

అలా తిరిగి చేతికొచ్చిన రింగుతో కొన్నాళ్ళు తిరిగితే కంటితో పని తగ్గిపోతుంది. ఎడమచేతి వేలు ఎక్కడుంటే ఎంత దూరమో తెలిసిపోతుంది. పూర్ణా మార్కెట్లో నడుస్తూ, కెమెరా పొట్ట దగ్గరే ఉంచి, ఎదురొచ్చే మనిషి మూడు మీటర్లు అనుకుంటే వేలు అక్కడికి వెళ్ళిపోయేది. ఎండ ఉంటే లెన్సు ఎనిమిదికి మూసి పెడితే మూడు మీటర్ల దగ్గర ముందూ వెనకా కలిపి మీటరున్నర పైనే స్పష్టంగా వస్తుంది. కంటికి ఎత్తేలోగా ఫోకస్ అయిపోయి ఉండేది. దూరాన్ని వేలితో తెలుసుకోవడం నాకు ఇప్పటికీ పోలేదు. దానితో ఇప్పుడు చేసే పనేమీ లేదు.

ఇదంతా చెప్పి ఆ రోజులే బంగారం అంటే అబద్ధమవుతుంది. మా ఇంటి ఆల్బముల్లో మసక ఫొటోలు ఎన్నో. ఆడుకునే పిల్లల ఫొటోలు దాదాపు లేనే లేవు. ఆగమంటే ఆగినవాళ్ళకే ఫొటోలున్నాయి. చూపు తగ్గిన పెద్దవాళ్ళు ఆ మసక మచ్చలో రెండు బొమ్మలు కలపలేక కెమెరా పక్కన పెట్టేసేవారు. ఫొటో తీసే మనిషి ఇంట్లో ఒక్కడే ఉండేవాడు, అందుకే ఆ ఒక్కడి ఫొటోలు ఏ ఇంట్లోనూ సరిగ్గా ఉండవు. మా అమ్మ నన్ను తీసిన ఫొటో ఒక్కటీ లేదు, రింగు తిప్పడం ఆవిడకి కుదరలేదు. ఈ రోజు ఆవిడ ఫోన్లో మునిమనవల ఫొటోలు వందల్లో ఉన్నాయి, అన్నీ ఆవిడ తీసినవే, అన్నీ స్పష్టమే. ఈ లాభానికి ఎదురు నా దగ్గర వాదన లేదు.

పోయింది వేరే ఉంది. బిగుసుకుపోయిన వస్తువుని విప్పి చూడొచ్చు అనే నమ్మకం. జోర్కీ పాడైతే పాడైన చోటు ఎక్కడో ఉండేది, దానికి కారణం ఉండేది, సూదీ బ్రష్షూ అగ్గిపుల్లా తెలిసిన మనిషికి అది దొరికేది. ఇప్పుడు ఫోన్‌లో ఫోకస్ పోతే లెన్సు ముక్క మొత్తం తీసి కొత్తది పెడతారు. ఏం పోయిందని అడిగితే "కెమెరా పోయిందండీ" అంటారు. అదీ నిజమే, అబద్ధం చెప్పడం లేదు.

*

మాస్టారికి మాత్రం ఇంత బాధ లేదు. కొడుకుని ఈ పనిలోకి రానివ్వలేదు. కళ్ళు పోతాయి, పెట్రోలుకి చేతులు పోతాయి, మిగిలేది కాఫీ డబ్బులు అనేవారు. తనంతట తాను ఫోకస్ చేసుకునే చిన్న కెమెరా జపాన్‌లో కోనికా వాళ్ళు తెచ్చింది 1977లో. మినోల్టా 7000 వచ్చింది 1985లో. మన ఊళ్ళలో ఆలోగా ఫోకసే అక్కర్లేని హాట్‌షాట్‌లు పెళ్ళిళ్ళలో కనపడసాగాయి. తర్వాత ఆటోఫోకస్ డబ్బాలు దిగాయి. మొదట్లో ఒకటి రెండు ఆయన బల్ల మీదికీ వచ్చాయి. విప్పి చూశారు. మరల బదులు ప్లాస్టిక్ కొక్కేలు, వాటి కింద మడతపెట్టిన పల్చటి పట్టీ మీద సర్క్యూటు, వేలు పెట్టే చోటు లేదు. జాగ్రత్తగా మూసి, డబ్బులు తీసుకోకుండా ఇచ్చేశారు. గది అద్దె పెరిగిన ఏడాది మెట్లు దిగిపోయారు. విడిభాగాల డబ్బాలు స్టూడియోల వాళ్ళు పంచుకున్నారు. డివైడరు ఎవరు తీసుకున్నారో నాకు తెలియదు.

దుబాయ్‌లో ఉన్న కొడుకు ఒక ఆటోఫోకస్ కెమెరా పంపించాడు. మనవరాలి పుట్టినరోజుకి ఆయనే ఫొటోలు తీశారు. నేను వెళ్ళినప్పుడు ప్రింట్లు మంచం మీద పరిచి, కళ్ళజోడు సర్దుకుంటూ ఒక్కొక్కటీ చూపించారు. పరుగెత్తే పిల్లలు, ఊదుతున్న కొవ్వొత్తి, అన్నీ పదునుగా ఉన్నాయి. ఆయన మొహం వెలిగిపోతోంది. ఒక్క ఫొటోలో మాత్రం కొడుకూ కోడలూ పక్కపక్కన కూర్చున్నారు, ఇద్దరూ మసక. వాళ్ళ మధ్య ఖాళీలోంచి వెనకాల గోడ మీద వెంకటేశ్వరస్వామి క్యాలెండరు మాత్రం తిథులతో సహా చదవొచ్చు.

"సూసినారా, దీనికీ తిక్కుంది" అని పెద్దగా నవ్వారు. "గ్రీజు ఎక్కడ రాయాలో మాత్రం నాకు తెలీదు బాబూ."

తర్వాతి రీలుకి ఆ కిటుకూ పట్టేశారు. ముందు ఒకరి మొహం మధ్యలో పెట్టి బొత్తాం సగం నొక్కి, అలాగే పట్టుకుని కెమెరాని పక్కకి జరపడం. మనవరాలి రెండో పుట్టినరోజు ఫొటోల్లో ఒక్కటీ పోలేదు. క్యాలెండరు కూడా అక్కణ్ణుంచి తీయించేశారు.